ప్రెస్సు మీద ఇప్పపూల దొప్ప

నేను ఏ ఫ్యాక్టరీ పెట్టలేదు, ఏ ఫ్యాక్టరీలోనూ పనిచేయలేదు. ఇరవై ఆరేళ్లపాటు ఊళ్లోవాళ్ల ఫ్యాక్టరీలు అమ్మిపెట్టాను. "అమ్మిపెట్టుడు గూడ ఒక పనేనారా భద్రయ్యా" అని మా మేనత్త పోయేదాకా అడుగుతూనే ఉంది. ఖమ్మం నుంచి మణుగూరు దాకా బియ్యం మిల్లులు, కట్టె కోత మిల్లులు, ఇటుక బట్టీలు, బొగ్గు గనులకు సామాను చేసిచ్చే చిన్న వర్కుషాపులు, ఏది చేతులు మారాలన్నా నన్ను పిలిచేవారు. కొత్తగూడెం బజార్లో నాకు 'మిల్లుల పెళ్లిళ్ల పేరయ్య' అని పేరు. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత తర్వాత విజిటింగ్ కార్డు మీద వేయించుకుందామా అనిపించింది గాని మా ఆవిడ పడనివ్వలేదు.

మా తోడల్లుడి కూతురు ఇప్పుడు ఇదే పనిలో చేరింది. హైదరాబాదులో పెద్ద ఆఫీసు, చలిమిషను గది. మొన్న ఇంటికొచ్చి, "పెదనాన్నా, మీ రోజుల్ల ఫైలు ఎట్ల తయారు చేసేటోళ్లు?" అని అడిగింది. ఫైలంటే కొనేవాళ్లకు చూపించే ఫ్యాక్టరీ వివరాలు, అది తయారు చేయడం ఆ పిల్లకు నాకంటే బాగా వచ్చు. నేను చెప్పదగ్గది ఏదైనా ఉంటే అది ఫైల్లో రాయకుండా వదిలేసిన సంగతి. అలాంటిది ఒకటి నా చేతిమీదుగా జరిగింది. ఈ నాలుగు కాగితాలు అందుకోసం.

ఎందుకు అమ్ముతున్నారు

ఈ పనిలోకి వచ్చేవాళ్లు మొదట తెలుసుకోవాల్సింది ఒకటుంది. అమ్మేవాడు మొదటిరోజు చెప్పే కారణం అసలు కారణం కాదు. మోసం చేద్దామని కాదు, సిగ్గుపడి చెప్పడు. సత్తుపల్లి దగ్గర ఒక మిల్లు యజమాని "విసుగొచ్చిందండీ, ఇంక చాలు" అని అమ్మేశాడు. విసుగొచ్చిన మనిషి సంతకాలైన మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే వచ్చి మిల్లు అరుగు మీద కూర్చునేవాడు. ఏమీ మాట్లాడడు, ఏమీ అడగడు. కొన్నాయన గోలపెట్టుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "ఒక కుర్చీ వేయించండి, టీ పోయించండి" అన్నాను. ఎనిమిదో రోజున ఆయన రాలేదు. టీ తాగుతూ ఏడు రోజులు చూశాక మిల్లు తను లేకుండా కూడా తిరుగుతుందని నమ్మకం కుదిరినట్టుంది. ఆయనకు అమ్మకం ముగిసింది ఆ రోజున, రిజిస్ట్రారు ఆఫీసులో కాదు.

అందుకని కారణం తవ్వకండి. కళ్లు మాత్రం తెరిచి పెట్టుకోండి. ఇది చెబుతున్న నేనే ఒకసారి కళ్లు మూసుకున్నాను.

రాఘవరావుగారి మూడు చూపులు

నాకు పని నేర్పింది ఖమ్మంలో రాఘవరావుగారు. అమ్మేవాడి ఇంట్లో కోడికూర తినకుండా ఏ బేరమూ మొదలుపెట్టని మనిషి. నోరు చెడ్డది, మనసు మంచిది అంటారు చూడండి, అక్షరాలా అదే. నేను చేరిన మొదటి నెలలో ఒక వర్కుషాపు మీద పది పేజీలు రాసి గొప్పగా చేతిలో పెట్టాను. "ఇది ఎక్కడ కూర్చుని రాశావు?" అన్నారు. ఓనరు గదిలోనని చెప్పాను. పది పేజీలూ తీసుకెళ్లి టీ కొట్టువాడి పొయ్యిలో పెట్టారు.

"ఒకసారి ఓనరుతో చూడు. ఒకసారి ఓనరు లేకుండా చూడు. ఒకసారి మూసి ఉన్నప్పుడు చూడు. అప్పుడు రాయి."

"మూసి ఉన్నప్పుడు చూడటానికి ఏముంటుందండీ?"

"ఎందుకు మూశారో ఉంటుంది."

ఆయన పోయాక నేను కొత్తగూడెంలో సొంతంగా గది తీసుకున్నాను. మొదటి రెండు చూపులు ఎప్పుడూ మానలేదు. మూడోది మాత్రం, అడిగేవాళ్లు లేరు కదా, మెల్లగా జారిపోయింది.

టేకులపల్లి దగ్గర పెంకుల ఫ్యాక్టరీ

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన రోజులవి. స్లాబు ఇళ్లు వచ్చి పెంకుల పని తగ్గుతున్న కాలమే గాని అడవి ఊళ్లలో ఇంకా పెంకుటిళ్లే ఎక్కువ. టేకులపల్లి దాటాక రోడ్డు పక్కన జీవరత్నంగారి పెంకుల ఫ్యాక్టరీ ఉండేది. ఆయనకు అరవై దాటాయి. తండ్రి బొగ్గు బాయిలో ఫిట్టరు. ఈయన మాత్రం భూమి లోపలికి దిగనని మొండికేసి, భూమి మీది మట్టితోనే బతుకుతానని ఈ ఫ్యాక్టరీ పెట్టాడు. భార్య శాంతమ్మగారు. ఒక్కతే కూతురు, కొత్తగూడెంలో దవాఖానాలో నర్సు. ఫ్యాక్టరీ పక్కనే రెండు గదుల్లో కాపురం, గోడకు ఏసుక్రీస్తు పటం, పటం కింద పెంకుల నమూనాలు.

నన్ను పిలిపించి, "మోకాళ్లు పనిచేస్తలేవు సారూ. అమ్మిపెట్టుండ్రి" అన్నారు.

పని ఎలా జరిగేదో కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. చెరువు మట్టి తెచ్చి నానబెట్టి మిషన్లో పిసుకుతారు. ముద్దలు చేసి ఇనుప ప్రెస్సులో అచ్చు వేస్తారు. పచ్చి పెంకును చెక్క ర్యాకుల మీద నీడలో ఆరబెడతారు, రోజూ తిప్పుతుండాలి. తిప్పే చెయ్యి లేకపోతే రెండు రోజుల్లో వంకర పోతుంది, మూడో రోజుకు పగులుతుంది. ఆరినవాటిని బట్టీలో పేర్చి మూడు రోజులు జామాయిల్ కట్టెతో కాలుస్తారు. మంట ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు ఆపాలి అనేది బట్టీ గోడకున్న చిన్న కన్నంలోంచి లోపలి రంగు చూసి తేల్చాలి. మీటర్లు, గీటర్లు లేవు. ఆ ఒక్క చూపు తప్పితే మూడు వారాల పని బూడిద.

పనివాళ్లు పద్దెనిమిది మంది. అందరూ పక్కనున్న కోయగూడెం వాళ్లు, ఎక్కువ మంది ఆడవాళ్లు. వాళ్లలో పెద్దది ముత్తమ్మ. ప్రెస్సు మీద ఇరవై ఏళ్లుగా ఆమెదే చెయ్యి. సన్నగా, నల్లగా, తక్కువ మాటల మనిషి.

నేను వెళ్లిన రోజు బట్టీ మండుతోంది. జీవరత్నంగారు కన్నం దగ్గర ముఖం పెట్టి నిలబడ్డారు. పక్కనే ముత్తమ్మ.

"ఏం పూసింది ముత్తమ్మా?" అన్నారాయన.

ఆమె వంగి చూసి, "మోదుగే అయ్యా. తంగేడుకు ఇంక టైమున్నది" అంది.

మోదుగు పువ్వంటే ఎర్రటి నారింజ, తంగేడు పువ్వంటే పసుపు. మంట రంగులకు వాళ్లు పెట్టుకున్న పేర్లవి. తంగేడు వచ్చిందంటే మంట ఆపాలి. ఎంత ముచ్చటగా ఉందో అనుకున్నాను. పెద్దాయన ఆమెకు పని నేర్పి పరీక్ష పెడుతున్నాడనుకున్నాను. ఫైల్లో 'కాల్చే పని యజమాని స్వయంగా చూస్తారు, కొనుగోలుదారుకు మూడు నెలలు దగ్గరుండి నేర్పుతారు' అని రాశాను. ఆయన నాకు టీ పోసేటప్పుడు గ్లాసులో వేలు పెట్టి పోయడం కూడా చూశాను. ఏళ్ల తరబడి పల్లెల్లో తిరిగినవాణ్ని, అలాంటివి పట్టించుకోను అని గర్వపడ్డాను తప్ప ఎందుకు అని అనుకోలేదు.

నోటి మాట

ఆయన నాకు పెట్టిన షరతు ఒక్కటే. "ధర ముందూ ఎన్కా అయితే అయితది. నా పద్దెనిమిది మందిని తీసేసేటోనికి మాత్రం అమ్మకుండ్రి. వాళ్లకు ఈ పని పోతే, గూడెం ఇడిసి మిరపచేలకు వలస పోవాలె."

ఆ మాట అంటున్నప్పుడు శాంతమ్మగారు వాకిట్లో కూరగాయలు తరుగుతూ చెయ్యి ఆపి నా ముఖం చూశారు. చేస్తానన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

తర్వాత ఇంకో సంగతి చెప్పారు. ఏటా ఎండలు ముదిరే ముందు ఇప్పపూలు రాలతాయి. తెల్లారకముందే చెట్ల కిందికి పోయి ఏరాలి. ఆలస్యమైతే పశువులు, జింకలు తినిపోతాయి. ఏ ఇంటికి ఏ చెట్టో తాతల నాటి నుంచి కట్టుబాటు. ఆ మూడు వారాలు గూడెంలో ముసలీ ముతకా సహా ఎవరూ ఇంకో పని పెట్టుకోరు. పెంకులకు అదే గిరాకీ కాలం. వానలకు ముందు ఇళ్లు కప్పుకునేది అప్పుడే. అయినా జీవరత్నంగారు ఇరవై ఏళ్లుగా ఆ మూడు వారాలూ ఫ్యాక్టరీ మూసేసేవారు. "మొదటి రెండేండ్లు కొట్లాడిన సారూ. నేనే ఓడిపోయిన. ఓడిపోయినంక తెలిసింది, వాళ్లు మూడు వారాలు పోతరుగాని మిగిలిన ఏడాది ఒక్క పూట నాగా పెట్టరు."

దానికి నోటీసు ఎలా ఇచ్చేవారంటే, పూలు రాలడం మొదలైన రోజున ముత్తమ్మ ఆకు దొప్పలో మొదటి పూలు తెచ్చి ప్రెస్సు మీద పెట్టేది. జీవరత్నంగారు అందరూ చూస్తుండగా ఒక పువ్వు తీసి నోట్లో వేసుకునేవారు. అంటే ఒప్పుకున్నట్టు. ఆ రోజు నుంచి కొత్త మట్టి పిసకరు. నాలుగు రోజుల్లో ర్యాకుల మీదివి ఆరబెట్టి బట్టీలోకి ఎక్కించి వెళ్లిపోతారు. ఇరవై ఏళ్లలో ఒక్క పచ్చి పెంకు పాడుకాలేదు.

"ఇది ఫైల్ల రాయుండ్రి సారూ."

"గిరాకీ కాలంలో మూడు వారాలు మూత అని రాస్తే ఎవరు కొంటారండీ?"

"మరి రాయకుంటే ఎట్ల తెలుస్తది?"

"నోటితో చెప్తాను. అది నాకు వదిలేయండి."

ఫైల్లో నేను రాసింది ఇది: 'ఏటా మార్చి, ఏప్రిల్ మధ్య మూడు వారాలు బట్టీ మరమ్మతు. అవసరమైతే మానుకోవచ్చు.' పూర్తి అబద్ధం కాదు. మూసిన రోజుల్లో ఇద్దరు మేస్త్రీలు వచ్చి బట్టీకి మట్టి మెత్తేవారు. ఈ వృత్తిలో నన్ను పాడుచేసిందల్లా ఇలాంటి సగం నిజాలే. పూర్తి అబద్ధం చెప్పే ధైర్యం నాకెప్పుడూ లేదు.

పువ్వు తిన్నాడు

కొన్నాయన సుబ్బారావుగారు, గోదావరి అవతల పెంకుల ఫ్యాక్టరీలో చాలాకాలం మేనేజరు. సొంతంగా ఒకటి ఉండాలని జీవితమంతా కలగన్న మనిషి. చూడగానే నచ్చాడు నాకు. చేతులు కట్టుకుని నిలబడే ఓనరు కాదు. వచ్చిన మొదటిరోజే చొక్కా విప్పి మట్టి మిషను కింద దూరాడు. పద్దెనిమిది మందినీ ఉంచుతానని జీవరత్నంగారి చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడు. ధర ఒక్క పూటలో తేలింది. దసరా వెళ్లాక సంతకాలయ్యాయి. జీవరత్నంగారు క్రిస్మస్ దాకా అక్కడే ఉండి పని అప్పజెప్పి, కొత్తగూడెంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు.

ఇప్పపూల సంగతి నేను సుబ్బారావుగారికి చెప్పలేదు. సంతకాలకు ముందు చెబితే బేరం చెడుతుందని ఆగాను. సంతకాల రోజు ఆయన మిఠాయి పంచుతున్నాడు, అప్పుడేం చెప్తాం అనుకున్నాను. సంక్రాంతి వెళ్లాక ఫోను చేద్దామనుకున్నాను. తర్వాత మణుగూరులో ఇంకో పని తగిలి మర్చిపోయాను. మర్చిపోయానని ఇప్పుడు తేలిగ్గా అంటున్నాను గాని, గుర్తొచ్చినప్పుడల్లా పక్కకు నెట్టాను అంటే సరిగ్గా ఉంటుంది.

మార్చిలో ముత్తమ్మ దొప్ప తెచ్చి ప్రెస్సు మీద పెట్టింది. అందరూ పని ఆపి చూస్తున్నారు. సుబ్బారావుగారు ఏదో ప్రసాదమనుకున్నాడు. ఆప్యాయంగా ఒకటి తిని, "భలే తియ్యగా ఉన్నాయమ్మా" అని ఇంకొకటి కూడా తిన్నాడు. పాత అయ్య ఒకటే తినేవాడు, ఈ అయ్య రెండు తిన్నాడని వాళ్లు సంబరపడ్డారట.

ఆ మర్నాడు ఆయన గిరాకీ చూసుకుని మట్టి రెట్టింపు పిసకమన్నాడు. వాళ్లకు వింతగా అనిపించింది. కొత్త అయ్య మనసులో ఏముందో, మనం పోయాక వేరేవాళ్లతో తిప్పించుకుంటాడేమో అనుకున్నారు. నాలుగు రోజులు చేయమన్నదల్లా చేశారు. అయిదో రోజు ఒక్కరూ రాలేదు.

ర్యాకుల నిండా పచ్చి పెంకులు. తిప్పే చెయ్యి లేదు. సుబ్బారావుగారు, భార్య, వాచ్‌మన్ ముగ్గురూ మూడు రోజులు నడుం ఎత్తకుండా తిప్పారు. సగం పైగా పగిలిపోయాయి. గూడేనికి వెళితే ఇళ్లకు తలుపులు వేసి ఉన్నాయి, అందరూ అడవిలో ఉన్నారు. ఆయనకు ఒకటే అర్థమైంది, కొత్తవాణ్నని కలిసికట్టుగా దెబ్బ తీశారని. ఎక్కడో దూరం నుంచి పదిమంది పనివాళ్లను తెచ్చుకున్నాడు. మూడు వారాల తర్వాత ముత్తమ్మ వాళ్లు ఎప్పటిలాగే పొద్దున్నే సద్దిమూటలతో వస్తే గేటు తియ్యొద్దని వాచ్‌మన్‌కు చెప్పాడు.

గేటు దగ్గర

ఆ మర్నాడు మధ్యాహ్నం నా గదిలో ఫోను మోగింది. జీవరత్నంగారు. గూడెం నుంచి ఎవరో వచ్చి ఆయనకు చెప్పారు.

"సారూ, మీరు చెప్పలేదా?"

కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే అడుగుతున్నారు. నేను చెప్పానని, సుబ్బారావే మాట తప్పాడని అంటే నమ్మేలా ఉన్నారు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. ఇన్నేళ్ల తర్వాత దాచి ఏం చేసుకుంటాను, వచ్చింది.

"చెప్పలేదండీ" అన్నాను.

"రేపు పొద్దుగాల నన్ను తీస్కపోతరా? నేనొక్కణ్నే బస్సు ఎక్కలేను" అన్నారు. మోకాళ్లవల్ల అనుకున్నాను.

మేము వెళ్లేసరికి గేటు బయట రోడ్డు పక్కన పద్దెనిమిది మందీ కూర్చుని ఉన్నారు. అరుపుల్లేవు, గొడవ లేదు. మూడో రోజట అలా కూర్చోవడం. జీవరత్నంగారి అలికిడి విని ముత్తమ్మ లేచింది.

"పూలు తిన్నడు అయ్యా. తిన్నంక ఒప్పుకున్నట్టే గద. మేం తప్పు చేసినమా?"

ఆయన తల అడ్డంగా ఊపి నావైపు తిరిగారు. నేను లోపలికి వెళ్లాను. సుబ్బారావుగారు బట్టీ దగ్గర ఉన్నాడు. ముఖం పీక్కుపోయింది. కొత్త పనివాళ్లతో కాల్చిన మొదటి బట్టీ సగం పచ్చిగా, సగం నల్లగా దిగిందట. రెండోది ఇప్పుడు మండుతోంది. అది కూడా పోతే ఆయన మిగిలేలా లేడు. నేను దొప్ప సంగతి, పువ్వు తినడం సంగతి, ఫైల్లో నేను రాసిన బట్టీ మరమ్మతు సంగతి అన్నీ చెప్పాను. తప్పు నాదన్నాను.

ఆయన బట్టీ వదిలి నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"మూడు వారాలు మూసుకోవాలని ముందే చెబితే నేను కొనేవాణ్నో మానేవాణ్నో, ఆ సంగతి నన్ను ఆలోచించుకోనివ్వాలి కదండీ. నా బదులు మీరు ఆలోచించేశారు. ఆ ఆడవాళ్లను నేను దొంగల్లా చూశాను. నాచేత ఆ పని చేయించింది మీరే."

నలుగురూ వినేలాగే అన్నాడు, అనాల్సిందే.

ఈలోగా జీవరత్నంగారు గోడ పట్టుకుంటూ బట్టీ దాకా వచ్చారు. సుబ్బారావుగారు ఆయన్ని చూసి, "మీరైనా ఒకసారి చూడండి బాబూ. రంగు నాకు అందడం లేదు. మీరుండగా బాగానే వచ్చింది, మీరు వెళ్లాక కూడా మార్చి దాకా బాగానే వచ్చింది. ఇప్పుడే ఏమైందో తెలియడం లేదు" అన్నాడు.

జీవరత్నంగారు కన్నం దగ్గర ముఖం పెట్టారు. వేడి తగులుతుంటే కళ్లు మూసుకున్నారు. వెనక్కి తిరిగి మెల్లగా అన్నారు, "నాకు కనబడదు."

ఎవరికీ అర్థం కాలేదు.

"రెండేండ్ల సంది కనబడుతలేదు సుబ్బారావుగారూ. మనిషి నీడ తెలుస్తది, గంతే. మోకాళ్లు మంచిగనే ఉన్నయి. గుడ్డోని ఫ్యాక్టరీ అంటే ఎవడు కొంటడు అని చెప్పలేదు. సారుకు గూడ చెప్పలేదు. ఈ రెండేండ్లు బట్టీ చూసింది ముత్తమ్మ. మీకు నేర్పినప్పుడు గూడ ఆమె చెప్తే నేను చెప్పిన. నేను పోయినంక మీ పక్కన నిలబడి చెప్పింది గూడ ఆమెనే. ఆమె కన్నును మీరు గేటు బయట కూసోబెట్టిండ్రు."

ఇన్నాళ్లకు గ్లాసులో వేలు ఎందుకు పెట్టాడో నాకు తట్టింది, టీ ఎంతదాకా నిండిందో ఆ వేలికే తెలియాలి. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయనొకటి దాచాడు, నేనొకటి దాచాను. దాచుకోవడానికి ఏమీ లేని మనిషి మూడు రోజులుగా ఎండలో కూర్చుని తప్పు తనదేమోనని అడుగుతోంది.

సుబ్బారావుగారు గేటు దాకా నడిచి తాళం తనే తీశాడు. "లోపలికి రండమ్మా" అన్నాడు. ఎవరూ కదల్లేదు. ముత్తమ్మ జీవరత్నంగారివైపు చూసింది. ఆయనకు ఆ చూపు కనపడదు కదా. అయినా తెలిసినట్టే తల ఊపారు. అప్పుడు లేచింది. సద్దిమూట ప్రెస్సు పక్కన ఎప్పుడూ పెట్టే చోట పెట్టి, కొంగు నడుముకు దోపుకుని కన్నంలోకి వంగింది.

"ఏం పూసింది ముత్తమ్మా?" జీవరత్నంగారు అడిగారు.

"ఎడమదిక్కు తంగేడు వచ్చింది అయ్యా. కుడిదిక్కు మూలకు ఇంక మోదుగే. ఎడమ పొయ్యిల కట్టె ఆపాలె, కుడి పొయ్యిల ఎయ్యాలె."

సుబ్బారావుగారు ఆమె చెప్పినట్టే వేయించాడు. సాయంత్రానికి మంట ఆపారు. వారం చల్లారాక బట్టీ విప్పితే నూటికి పదో పన్నెండో తప్ప అన్నీ బాగా దిగాయని ఫోను చేశాడు. నాతో ఆ ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు. అంతకంటే మాట్లాడటానికి ఆయనకు ఏడాది పట్టింది.

ఒక సంగతి వదిలేస్తే మళ్లీ సగం నిజమే అవుతుంది. బయటినుంచి వచ్చిన ఆ పదిమంది కూడా పనిలేకనే అంత దూరం వచ్చారు. వాళ్లను దారి బత్తెమిచ్చి వెనక్కి పంపేశారు. లారీ ఎక్కుతూ ఒకడు, "మేమేం తప్పు చేశామండీ" అని నన్నే అడిగాడు. ముత్తమ్మ అడిగిన మాటే. ఆ రోజు రెండోసారి ఆ మాట విన్నాను.

మూసి ఉన్న రోజు

ఆ తర్వాత నేను అమ్మిపెట్టిన ప్రతి ఫ్యాక్టరీకీ ఫైల్లో మొదటి పేజీ ఒకటే. ఏ రోజుల్లో మూస్తారు, ఎందుకు మూస్తారు, ఎవరు లేకపోతే నడవదు. ఇద్దరు ముగ్గురు ఆ పేజీ చదివి లేచి వెళ్లిపోయారు. వెళ్లనిచ్చాను. మా తోడల్లుడి కూతురి ఆఫీసులో ఇలాంటి పేజీకి చోటు లేదట. చోటు చేయమని చెప్పాను.

మరుసటి ఏడు మార్చిలో సుబ్బారావుగారు ఫోను చేశాడు. "దొప్ప వచ్చిందండీ భద్రయ్యగారూ. ఈసారి ఒకటే తిన్నాను. మట్టి ఆపేశాను. వారంలో మేము మా ఊరెళుతున్నాం. తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, పెద్దాయన చూస్తానంటే తీసుకురండి."

చూస్తాననడం ఏమిటి, అప్పటికి ఆయనకు నీడలు కూడా తెలియడం లేదు. అయినా మాట చెప్పగానే శాంతమ్మగారి చేత ఇస్త్రీ చొక్కా తీయించుకుని తయారయ్యారు. "అన్నయ్యా, చెయ్యి ఇడవకుండ్రి" అని ఆమె నన్ను రెండుసార్లు హెచ్చరించారు. బస్సు దిగాక ఆటో వద్దని, చెయ్యి పట్టుకుని నడిచారు. గాలినిండా ఇప్పపూల వాసన. అడవిలోంచి ఆడవాళ్ల మాటలు వినపడుతుంటే ఆగి, ఏ గొంతు ఎవరిదో పేరు పేరునా చెప్పారు.

వాచ్‌మన్ గేటు తీశాడు. మిషన్లు ఆగిపోయిన ఆ ఫ్యాక్టరీలో నేను నిలబడటం అదే మొదటిసారి. రాఘవరావుగారు చెప్పిన మూడో చూపు, ఇన్నేళ్లకు.

"ఏమేం కనబడుతున్నయి సారూ?"

"అంతా శుభ్రంగా ఉందండీ."

ఆయన నా చెయ్యి గట్టిగా నొక్కారు. "గట్ల కాదు. మంచియి ఒక్కటే చెప్పకుండ్రి. అన్నీ చెప్పుండ్రి."

చెప్పాను. మట్టి మిషను కడిగి బోర్లించి ఉంది. ర్యాకులు ఖాళీ, ఒక్క పచ్చి పెంకు లేదు. తూర్పు గోడ దగ్గర ఆరు ర్యాకులు చెదలు పట్టి విరిగిపోయాయి, మార్చలేదు. మట్టి మిషను మీద కప్పు రెండు చోట్ల కారుతున్నట్టుంది, గోడ మీద చారికలున్నాయి. బట్టీ కుడి భుజాన పెద్ద పగులు, మేస్త్రీలు ఇంకా రాలేదు. పెంకుల ఫ్యాక్టరీకి కప్పు కారడమేమిటని ఆయన నవ్వారు. మీరున్న రెండు గదుల్లో సుబ్బారావు సిమెంటు బస్తాలు వేశాడు, ఏసుక్రీస్తు పటం ఉన్నచోట మేకు మాత్రం మిగిలింది అనేది దాటేద్దామనిపించింది. అది కూడా చెప్పాను.

"ఆఁ" అన్నారు. "ప్రెస్సు మీద?"

"దొప్ప ఉందండీ. పూలు ఎండి ముడుచుకున్నాయి."

ఒకటి తీసి ఆయన అరచేతిలో పెట్టాను. వేళ్లతో తడిమి, వాసన చూసి, నా చెయ్యి వెతికి పట్టుకుని ఆ పువ్వు మళ్లీ నా చేతిలోనే పెట్టారు.

"నేను ఇరవై ఏండ్లు తిన్న. ఇది మీరు తినుండ్రి సారూ."

ఆయనకు కనపడదని తెలిసి కూడా ముఖం పక్కకు తిప్పుకున్నాను. తర్వాత నోట్లో వేసుకున్నాను. తియ్యగా, కొంచెం వగరుగా, ప్రెస్సు మీది మట్టి తగిలి కాస్త గరగరగా ఉంది. నేను నమిలి మింగేదాకా ఆయన తల వంచి వింటూ నిలబడ్డారు. అయ్యాక నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంక పోదాం పట్టుండ్రి, బస్సు టైమైంది" అన్నారు.